నాకు ఒక కూతురు ఉంది

పోయినేడు ఆగస్టులో మా చిన్నిని యూనివర్సిటీలో దింపి వచ్చాం. న్యూజెర్సీలో మా ఇంటి నుంచి మూడు గంటల డ్రైవ్. దుప్పట్లు, బుల్లి రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి అన్నీ దాని గదిలో సర్దిపెట్టి, తిరిగొచ్చేటప్పుడు దారంతా నేను ఏడుస్తూ, మావారు ఒక్క మాటా మాట్లాడకుండా కారు నడుపుతూ... ఆ కథ మీలో చాలామందికి అనుభవమే, నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

వారం తర్వాత ఫోన్ చేసి తను తీసుకున్న సబ్జెక్టులు చదివింది. బయాలజీ, కెమిస్ట్రీ, లెక్కలు, ఇంకోటి లాటిన్.

"లాటినా?" అన్నారు మావారు. "అదెవరు మాట్లాడతారే?"

"ఎవరూ మాట్లాడరు నాన్నా. డిగ్రీకి ఏదో ఒక భాష చదవాలి. అందుకని."

"స్పానిష్ తీసుకోవచ్చుగా. రేపు డాక్టరువైతే పేషెంట్లతో మాట్లాడ్డానికి ఉంటుంది."

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "ఏం పనికొస్తుందని ఆ లాటిను?" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా పెదనాన్నది. ఇంటర్ అయ్యాక బి.ఏ.లో స్పెషల్ తెలుగు తీసుకుంటానన్నప్పుడు, తెనాలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన అన్న మాట. "ఏం పనికొస్తుందే ఆ తెలుగు? ఇంట్లో మాట్లాడేదేగా!" ఆ తర్వాత పెళ్ళిచూపుల్లోనూ అంతే. ఏం చదివావమ్మా అంటే బి.ఏ. అనేదాన్ని. ఏ సబ్జెక్టు అంటే తెలుగు అనేదాన్ని. అప్పుడు ఒక "ఓహో" వచ్చేది. ఆ ఓహోలో ఎంత అర్థముందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. అమెరికా వచ్చాక ఆ ఓహో కూడా రాలేదు. ఇక్కడ నా డిగ్రీ గురించి అడిగినవాళ్ళే లేరు.

అలాంటి నేనే నా కూతురితో అదే మాట అన్నాను.

నిజం చెప్పాలంటే నా బాధ వేరు. చిన్నికి తెలుగు నేర్పించాలని నేను పడని పాట్లు లేవు. ఆరేళ్ళ నుంచి ప్రతి ఆదివారం నలభై నిమిషాలు కారు నడిపి తెలుగు బడికి తీసుకెళ్ళేదాన్ని. ఫ్రిజ్ మీద అయస్కాంతాలతో అక్షరాలు అంటించాను. గుణింతాలు పాటలా పాడించాను. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒకరోజు హఠాత్తుగా "ఇంక నేను వెళ్ళను" అంది. బతిమాలాను, కేకలేశాను, వారం రోజులు మాట్లాడ్డం మానేశాను. వెళ్ళలేదు. అప్పట్నుంచి నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఏవో నాలుగు ముక్కలు తప్ప దాని నోట తెలుగు లేదు. అలాంటి పిల్ల ఇప్పుడు ఎవరూ మాట్లాడని భాషని డబ్బులు కట్టించుకుని మరీ నేర్చుకుంటానంటే నాకెలా ఉంటుంది చెప్పండి?

సెప్టెంబరంతా అది లాటిన్ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు. అక్టోబర్లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. ఎత్తగానే ఏడుపు.

"అమ్మా, లాటిన్ క్విజ్‌లో నాకు 52 వచ్చింది. నేను ఆ క్లాస్ మానేస్తాను."

నా మనసులో మొదట ఏమొచ్చిందో దాచను. "మంచిదేగా" అనిపించింది. కానీ ఆ ఏడుపు మార్కుల ఏడుపులా లేదు. చిన్నప్పట్నుంచీ క్లాసులో ముందుండే పిల్ల, మొదటిసారి తనకి రానిదేదో ఎదురైతే ఏడ్చే ఏడుపు. "ఆ పుస్తకంలో పేజీ ఫోటో తీసి పంపు, చూస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. నాకు లాటిన్ రాదు కదా!

దాని పాఠ్యపుస్తకం పేరు వీలాక్స్ లాటిన్. ఫ్రెడరిక్ వీలాక్ అనే ప్రొఫెసర్ రాశాడు, 1956లో మొదటిసారి అచ్చయింది, మొత్తం నలభై పాఠాలు. ఇక్కడి యూనివర్సిటీల్లో లాటిన్ మొదలుపెట్టిన పిల్లలు ఎందరో ఆ పుస్తకంతోనే కుస్తీ పడతారట. వారానికి నాలుగు క్లాసులు, ప్రతి శుక్రవారం క్విజ్. మాట్లాడ్డం లేదు, రోడ్డు మీద దారి అడగడం లేదు, హోటల్లో కాఫీ చెప్పడం లేదు. మొదటి రోజు నుంచీ వ్యాకరణమే.

ఫోటో వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. పుస్తకంలో పట్టిక పక్కనే పెన్సిల్‌తో అది రాసుకున్న ఇంకో పట్టిక ఉంది. ఎడమవైపు ఆరు పేర్లు నిలువుగా, వాటి పక్కన ఏకవచనం, బహువచనం. పుఎల్ల అంటే అమ్మాయి అట. పుఎల్ల, పుఎల్లయ్, పుఎల్లయ్, పుఎల్లమ్, పుఎల్లా... ఇలా కిందికి దిగింది.

నేను చప్పున లేచి కూర్చున్నాను. "ఏమే, ఇవి విభక్తులే!"

"వాట్?"

"విభక్తులు. మేం చదువుకున్నాం. ఇదిగో ఇది ప్రథమ, ఇది షష్ఠి, ఇది చతుర్థి, ఇది ద్వితీయ..."

మీలో బడిలో తెలుగు సరిగ్గా చదువుకున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. డు, ము, వు, లు ప్రథమ. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయ. బెత్తం దెబ్బలు తిని మరీ నేర్చుకున్నాం. బి.ఏ.లో సంస్కృతం పేపర్ కోసం శబ్దమంజరి పట్టుకుని రామః రామౌ రామాః అని హాస్టల్ వరండాలో తిరుగుతూ బట్టీపట్టాం. ఇరవై ఏడేళ్ళ తర్వాత, న్యూజెర్సీలో మా పడకగదిలో, అర్ధరాత్రి, రోమన్ల పట్టికలో అవే నాకు కనిపించాయి. వరస మాత్రం తేడా. మన షష్ఠిని వాళ్ళు రెండోదిగా రాస్తారు.

"నీకెక్కడ అర్థం కావట్లేదో చెప్పు" అన్నాను.

దాని గొడవల్లా ఏమిటంటే, వాక్యంలో ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలియడం లేదు. ఇంగ్లీషులో మాట ఎక్కడుందో దాన్ని బట్టి అర్థం. కుక్క ముందుంటే కుక్క కరిచినట్టు, మనిషి ముందుంటే మనిషి కరిచినట్టు. లాటిన్‌లో మాటలు ఎటైనా తిరుగుతాయి. 'పుఎల్ల కనెమ్ అమత్' అన్నా, 'కనెమ్ పుఎల్ల అమత్' అన్నా అమ్మాయే కుక్కని ప్రేమిస్తుంది. మన చిన్ని రెండోదాన్ని కుక్క అమ్మాయిని ప్రేమిస్తుందని రాసి మార్కులు పోగొట్టుకుంది.

"చిన్నీ, 'కుక్కని అమ్మాయి ప్రేమిస్తుంది' అంటే నీకు ఏం అర్థమైంది?"

"గర్ల్ లవ్స్ ద డాగ్."

"కుక్క ముందుందిగా. మరి నీకెలా తెలిసింది?"

కాసేపు చప్పుడు లేదు. "కుక్క... ని" అంది మెల్లగా. "అమ్మా, ఆ 'ని'!"

"ఆ 'ని' యే మీ లాటిన్లో చివర 'మ్'. అంతే."

ఆ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. అమో, అమాస్, అమత్ అని అది చదువుతుంటే నాకు అమ్మో, అమావాస్య గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ విషయం మాత్రం సులువే. నేను ప్రేమిస్తాను, నువ్వు ప్రేమిస్తావు, వాడు ప్రేమిస్తాడు. మనం 'నేను' అనకుండా "వస్తాను" అంటే చాలదూ? చివర ఉన్న 'ను' చెప్పేస్తుంది ఎవరొస్తున్నారో. లాటిన్లో 'ఓ' చెబుతుంది. ఇంగ్లీషులా ప్రతి మాట ముందూ 'ఎ', 'ద' తగిలించే పనీ లేదు. క్రియ కూడా మనలాగే ఎక్కువగా వాక్యం చివరికి చేరుతుంది. ఇంకో చిత్రం. పుఎల్ల అంటే ప్రథమ, పుఎల్లా అని దీర్ఘం తీస్తే ఇంకో విభక్తి. వాళ్ళు అక్షరం మీద చిన్న గీత గీస్తారు. ఆ గీతలు మర్చిపోయి క్లాసులో సగం మంది మార్కులు పోగొట్టుకుంటున్నారట. "కల, కాల ఒకటేనా? పలు, పాలు ఒకటేనా? ఇదీ అంతే" అన్నాను.

మర్నాటి నుంచి వారానికి మూడు రాత్రులు మాకదే పని. గిన్నెలు కడుక్కుని, స్టవ్ తుడిచి, పాలు తోడుపెట్టి, ఫోన్ని ఉప్పు డబ్బాకి ఆనించి కూర్చునేదాన్ని. మావారు అటూ ఇటూ తిరుగుతూ "ఏమిటోయ్ మీ రహస్యాలు" అనేవారు. లాటిన్ మాటల అర్థాలు చిన్ని చెప్పేది, విభక్తులు నేను చూసేదాన్ని.

అబ్లేటివ్ అని ఒకటుంది. క్లాసులో అందరూ దానికి జడుస్తారట. ఒకసారి 'తో' అంటుంది, ఒకసారి 'వల్ల' అంటుంది, ఒకసారి 'లో' అంటుంది. ఏమిటా అని చూస్తే, సంస్కృతంలో వేర్వేరు కాపురాలున్న తృతీయ, పంచమి, సప్తమి ముగ్గురూ లాటిన్లో ఒకే కప్పు కింద చేరారు. "ఉమ్మడి కుటుంబమే. వాళ్ళు చేసే పనిని బట్టి ఎవరో పోల్చుకోవాలి" అని చెప్పాను. అది మర్నాడు వాళ్ళ ప్రొఫెసర్‌కి చెబితే ఆవిడ, మీ అమ్మ చెప్పింది నిజమే, వెనకటి భాషలో అవి మూడూ వేరుగానే ఉండేవి అందట. ఆవేళ నేను వంట చేస్తూ పాట పాడుకున్నానంటే నమ్మండి.

లాటినూ సంస్కృతమూ చుట్టాలని మనకి బి.ఏ.లో చెప్పారు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఆ మాట అన్నాడని పరీక్షలో రాశాం కూడా. రాసి వచ్చేశాం. ఇప్పుడు చిన్ని ఒక్కో మాటా చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. పతెర్ పితృ, మాతెర్ మాతృ, ఫ్రాతెర్ భ్రాతృ. సెప్తెమ్ సప్త, నొవెమ్ నవ, దెకెమ్ దశ. ఇగ్నిస్ అగ్ని, నోమెన్ నామం. తెలుగు మాత్రం ఆ చుట్టరికంలోది కాదు. మన దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లోనే ఎల్లిస్ దొర, కేంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చెప్పాడు. అయినా నాకు చిత్రంగా అనిపించింది ఏమిటంటే, రక్తసంబంధం ఉన్న ఇంగ్లీషు కంటే ఏ సంబంధమూ లేని మన తెలుగే లాటిన్‌కి దారి చూపించడం. అక్కచెల్లెళ్ళ కంటే ఒక్కోసారి పక్కింటావిడ ఎక్కువ ఆదుకోదూ? అలాగ.

ఇక అసలు సంగతికి వస్తాను.

నవంబర్లో లింగాల దగ్గరకి వచ్చాం. లాటిన్లో మూడు లింగాలు. 'అ' చివరున్న మాటలు చాలావరకు స్త్రీలింగం. కానీ అగ్రికొల అంటే రైతు, నౌత అంటే నావికుడు. చూడ్డానికి ఆడవేషం, వ్యాకరణంలో మగవాళ్ళు. చిన్నికి ఒళ్ళుమండింది. "అదేం న్యాయం?" అంది.

"సంస్కృతంలో భార్యకి మూడు మాటలున్నాయి తెలుసా? భార్య స్త్రీలింగం, కళత్రం నపుంసకం, దార అనే మాట పుంలింగం, పైగా ఎప్పుడూ బహువచనం" అన్నాను. పడీ పడీ నవ్వింది. నేను ఉత్సాహం పట్టలేక, "మన తెలుగులో ఇంకా ఘోరం. నేనొచ్చినా 'వచ్చింది', పిల్లి వచ్చినా 'వచ్చింది'. మగాడొస్తేనే 'వచ్చాడు'. అదే పదిమంది ఆడవాళ్ళు కలిసొస్తే మాత్రం 'వచ్చారు', మగవాళ్ళతో సమానం" అన్నాను.

అటునుంచి నవ్వు ఆగిపోయింది. చాలాసేపు మాట లేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నాను.

"అమ్మా, నీకు గుర్తుందా? తాతయ్య వచ్చింది."

గుర్తులేకేం? దానికి పన్నెండేళ్ళప్పుడు మా తమ్ముడి పెళ్ళికి తెనాలి వెళ్ళాం. హాలు నిండా చుట్టాలు. నాన్న వాకిట్లో రిక్షా దిగుతుంటే ఇది పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, మంచి తెలుగులో చెబుతున్నానన్న సంతోషంతో, "అమ్మా, తాతయ్య వచ్చింది!" అని అరిచింది. హాలంతా గొల్లుమంది. పిన్నులు, అత్తయ్యలు, వరసైన పిల్లలు, అందరూ. "ఏదీ, మళ్ళీ అనవే అమెరికా పిల్లా" అని అనిపించుకుని మళ్ళీ నవ్వారు. ఆ పెళ్ళి నాలుగు రోజులూ ఎవరొచ్చినా అదే హాస్యం. తిరిగొచ్చాక కూడా ఇక్కడి స్నేహితుల ఇళ్ళల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు.

"అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు" అంది.

నేను కూడా నవ్వాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, ఆ తప్పు ఎందుకొచ్చిందో అందరికంటే బాగా తెలియాల్సినదాన్ని. ఇంట్లో అది రోజూ వినేది నా గురించే, దాని గురించే. అమ్మ వచ్చింది, చిన్ని తిన్నది. విన్నదాన్ని బట్టి తనంతట తను ఒక సూత్రం కట్టుకుని, ఆ సూత్రాన్ని సరిగ్గా తాతయ్యకి తగిలించింది. అంత తెలివైన తప్పు ఇంకొకటి ఉండదు. దానికి మేమిచ్చిన బహుమతి ఆ నవ్వు.

"తెలుగు బడి అందుకే మానేశావా?" అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు.

"అక్కడ అందరి ముందూ మాట్లాడించేవాళ్ళు కదా." కాసేపాగి, "లాటిన్ కూడా అందుకే తీసుకున్నాను. స్పానిష్‌లో మాట్లాడాలి. లాటిన్లో తప్పు చేస్తే ఒక మార్కు పోతుంది, అంతే. నవ్వడానికి ఎవరూ లేరు" అంది.

ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి ఉంది. నేను గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాను. ఆరేళ్ళ పాటు నేను దాని మీద పెట్టుకున్న కోపమంతా గుర్తొచ్చింది. బద్ధకం అనుకున్నాను, పొగరనుకున్నాను, ఈ దేశం గాలి అనుకున్నాను. దాని వెనక మా నవ్వు ఉందని ఒక్కసారీ తోచలేదు.

"తప్పు నాదే తల్లీ. నవ్వకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఇట్స్ ఓకే అమ్మా" అంది. కానీ ఓకే కాదని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలీక, "సరే, తర్వాతి వాక్యం చదువు" అన్నాను. చదివింది.

కొన్నాళ్ళకి వాళ్ళ ప్రొఫెసర్ ఇంకో పద్ధతి చెప్పిందట. 'నాకుంది' అని చెప్పాలంటే లాటిన్లో ఇంగ్లీషులా చెప్పే మాట ఒకటుంది. అది కాక, ఇంకోలా కూడా చెప్పొచ్చు. మిహి ఫీలియా ఎస్త్. క్లాసులో పిల్లలంతా ఇదేమిటి, 'నాకు కూతురు ఉంది' అని వెనక్కి తిప్పి చెబుతారు అని తల పట్టుకున్నారట. మా చిన్ని ఒక్కతే చెయ్యెత్తి, మా ఇంట్లో ఇలాగే అంటాం అని చెప్పిందట. "నాకు ఒక కూతురు ఉంది" అని క్లాసు ముందు తెలుగులో అని చూపించిందట. ఎవరూ నవ్వలేదట.

ఆ సంగతి చెబుతూ, "మిహి ప్లకెత్ అంటే నాకు నచ్చింది. సేమ్ టు సేమ్ అమ్మా" అంది. నేను మాట్లాడలేకపోయాను.

డిసెంబర్లో ఇంటికొచ్చింది. లాటిన్లో బి వచ్చింది. మిగతా అన్నిట్లో ఎ. మావారు ఆ బి చూసి ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. రెండో సెమిస్టర్ కూడా తీసుకుంటోంది. ఏం పనికొస్తుందని ఈసారి నేను అడగలేదు. మందుల పేర్లకీ ఎముకల పేర్లకీ పనికొస్తుందని మావారే స్నేహితులకి చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి.

ఇదంతా అయ్యాక చిన్ని తెలుగు గలగలా మాట్లాడేస్తోందని చెప్పను. అలా జరగలేదు. కానీ సంక్రాంతి రోజు మా నాన్నకి వీడియో కాల్ చేస్తుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నర, మాకు పొద్దున పది. నాన్నకి ఎనభై దాటాయి, చెవి సరిగ్గా వినపడదు. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని గట్టిగా, "తాతయ్యా, నువ్వు తిన్నారా?" అంది.

'నువ్వు' కి 'తిన్నావా' రావాలి, 'తిన్నారా' కి 'మీరు' ఉండాలి. పాత లాటిన్లో ఈ బాధ లేదట, సీజర్‌నైనా 'నువ్వు' అనే అనేవారట. అది చెబుతూ "ఎంత హాయో" అందొకసారి. మన భాషలో పెద్దవాళ్ళకి మర్యాద ఇవ్వబోతే వ్యాకరణం అడ్డం పడుతుంది. నాకు దిద్దాలని నోటిదాకా వచ్చింది. అటు నాన్న వెనక మా మరదలు, మేనల్లుళ్ళు కూడా కనిపిస్తున్నారు. నా గుండె దడదడలాడింది.

నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకోసారి అనమన్నారు. మళ్ళీ అలాగే అంది.

"తిన్నానమ్మా. అరిసెలు కూడా తిన్నాను. నువ్వు తిన్నావా తల్లీ?" అన్నారు.

"తిన్నాను" అంది చిన్ని.

చివర్లో ఆ 'ను' స్పష్టంగా పలికింది.